గుండిగ కడుపుమంట

నేను ఒక ఇత్తడి గుండిగను. గుల్లలపాలెం చర్చి వెనక రేకుల పాకలో బోర్లా పడుకొని ఉంటాను. నా కడుపులో ఎనభై శేర్ల బియ్యం ఉడుకుతాయి. ఇదివరకు తొంభై అని చెప్పేవాణ్ణి. దేవుడి సొత్తును అయ్యాక పది తగ్గించుకున్నాను. నా సంగతులు చెప్పడానికి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి, నమ్మినా నమ్మకపోయినా మీకు నా మాటే గతి.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. నాకు కుళ్ళు ఎక్కువ. అది పుట్టుకతో వచ్చింది. నన్ను చేసిన కంచరి చలమాచారి, నాతోపాటే ఒక మరచెంబును కూడా చేశాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకొని, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు తుడిచేవాడు. నన్ను మాత్రం కాలితో తొక్కిపట్టి నలభై రోజులు సుత్తితో మోదాడు. ఆ చప్పుడుకు పక్క ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని ఫిర్యాదు కూడా వచ్చింది. నాకు నొప్పి పుట్టింది సుత్తి దెబ్బకు కాదు, ఆ మరచెంబును చూసి.

చలమాచారి చేతిలోంచి నేను వీరభద్రయ్య అనే కామందు ఇంటికి వెళ్ళాను. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ నేనే దిక్కు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ, అడుగున మిగిలిన పులిహోర కోసం వంగి నాలో పడ్డాడు. చల్లగా ఉందని అక్కడే నిద్రపోయాడు. ఊరంతా వెతికి, ఆయన రాలేదని ముహూర్తం దాటబోతుంటే, నా లోపల్నించి గురక వినపడి నలుగురు బయటికి లాగారు. ఒంటినిండా పసుపుతో ఉన్న ఆయన్ని చూసి పురోహితుడు పెళ్ళికొడుకు ఈయనే అనుకున్నాడు. ఇందులో కొంచెం అబద్ధం ఉంది. ఎక్కడుందో చెప్పను.

తరవాత ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. చర్చి పేటలో ఒక్క ఇంటికి కప్పు మిగల్లేదు. కామందుగారు మంచి మనసుతో నన్ను పేటకు పంపారు. తొమ్మిది రోజులు నాలో జావ కాచి మూడొందల మందికి పోశారు. పదోరోజు నన్ను శుభ్రంగా తోమి, బండిమీద పెట్టి తిరిగి పంపబోతే, కామందుగారి ఇల్లాలు వీధరుగు మీద నిలబడే, "దాన్ని ఇక వాళ్ళనే ఉంచుకోమనండి" అంది. పేట పొయ్యిమీద ఉడికిన గిన్నె మళ్ళీ ఆ వంటింటి గడప తొక్కకూడదట. ఆ తరవాత నెల కామందుగారే ఒక మనిషిని పంపి, నా మెడచుట్టూ 'వీరభద్రయ్యగారి దానము' అని చెక్కించారు. మనుషులు వదిలించుకున్నదాన్ని కూడా దానం కింద రాసుకుంటారని నాకు ఆనాడే తెలిసింది. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. కామందుగారి ఇంట్లో ఏడాదికి రెండుసార్లు వెలిగే పొయ్యి, పేటలో నాకు ఏటా ఆరేడు వారాలు వరసగా వెలిగింది.

ఎందుకంటే ఆ గాలివానలో జావ పోసిన కుర్రాళ్ళు పని ఆపలేదు. ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాలు వస్తాయి కదా, ఆ దినాల్లో ప్రతి శుక్రవారం నూకలూ పెసరపప్పూ వేసి జావ కాచి, టౌన్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, రోగుల వెంట వచ్చి వరండాల్లో పడుండేవాళ్ళకు పోసేవాళ్ళు. రోగికి ఆసుపత్రి అన్నం పెడుతుంది, వెంట వచ్చినవాళ్ళకు ఎవరు పెడతారు? దాన్ని 'యవ్వనస్తుల జావ సేవ' అన్నారు. గుడ్‌ఫ్రైడే నాడైతే రెట్టింపు పని. ఆ రోజు ఊళ్ళో అందరూ ఉపవాసం ఉంటారు. పన్నెండింటి నుంచి మూడింటి దాకా, సిలువమీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు చెబుతారు. మాట మాటకూ మధ్య ఒక పాట. మూడు కొట్టగానే అందరూ బయటికి వచ్చి నా జావతోనే ఉపవాసం విడుస్తారు. సగం వాళ్ళకు, సగం ఆసుపత్రికి. ఐదో మాట దాహం గురించి. సరిగ్గా అప్పటికే నా వాసన కిటికీలోంచి లోపలికి వెళ్ళేది. ఆ మాట చెప్పిన ప్రసంగీకుడెవరూ మా చర్చిలో పది నిమిషాలు దాటి మాట్లాడలేకపోయాడు.

ఆ కుర్రాళ్ళు ముసలివాళ్ళయ్యారు. కొత్త కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళతోపాటు కీబోర్డు వచ్చింది.

అది వచ్చిన రోజు చెబుతాను వినండి. రెండు దుప్పట్లు చుట్టి, బాలింత బిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. మా సంఘంలో పాస్టరుగారిని అయ్యగారంటారు. ఆ అయ్యగారు, హోషేయగారు, దానిమీద చెయ్యిపెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. ఇన్నేళ్ళ నా చాకిరికి ఎవరైనా నామీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారా? చెయ్యి పెడితే కాలుతుందంటారు! స్త్రీల సమాజం వాళ్ళు దానికి లేసు అల్లిన ముసుగు కుట్టారు. నామీద కోళ్ళు పడుకుంటాయి. దాన్ని ఇద్దరు పట్టుకొని మోస్తారు, నన్ను దొర్లించుకొస్తారు. చినుకు పడితే నలుగురు పరుగెత్తి దాన్ని కప్పుతారు. నేను తడుస్తుంటే, "పోన్లే, కడిగే పని తప్పింది" అంటారు. అదేమన్నా కడుపు నింపుతుందా అంటే, దానికి అసలు కడుపే లేదు. అట్ట అంత మందం.

యూత్ కుర్రాళ్ళంతా దాని చుట్టూ చేరారు. దాన్ని వాయించేవాడు యోవేలు. యూత్ సెక్రటరీ, మంచి గొంతు, మంచి జుట్టు, రెండూ ఉన్నాయని తెలిసినవాడు. జావ సేవకు తెడ్డు పట్టేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి ఒక్క మనిషి మిగిలింది. కెజియా.

కెజియా డిగ్రీ చదివి, ఊళ్ళోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పే పిల్ల. స్త్రీల సమాజం పెద్ద సుగుణమ్మకు మేనకోడలు. నన్ను చింతపండుతో, ఇటుక పొడితో, కొబ్బరి పీచుతో ఎంత బాగా తోమేదంటే, ఆ మెరుపులో ఒక కాకి తన మొహం చూసుకొని సిగ్గుపడి ఎగిరిపోయింది. నన్ను 'తాతా' అని పిలిచేది. "తాతా, కాస్త పక్కకి తిరుగు, నీ వీపు తోమాలి" అనేది. ఇన్నేళ్ళలో నన్ను వరస పెట్టి పిలిచిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆ కీబోర్డుకు ఊరంతా ఉండనీ, నాకు కెజియా ఉంది అనుకున్నాను.

తోమడం అయ్యాక నన్ను ఎండలో బోర్లించి, నీడపట్టున పక్కనే కూచొని, నా అడుగుమీద వేళ్ళు ఆడించేది. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు. మెత్తగా, ఒక్కొక్క వేలూ. నేను పొంగిపోయాను. నిమురుతోంది అనుకున్నాను. రెండేళ్ళు అలాగే అనుకున్నాను.

ఒక శనివారం సాయంత్రం లోపల యోవేలు ఒక పాట సాధన చేస్తున్నాడు. ఒకచోట తప్పాడు, ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. నా వీపుమీద కెజియా వేళ్ళు కూడా ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. అతను తప్పినచోటికి రాగానే ఆమె వేళ్ళు తప్పకుండా దాటి వెళ్ళిపోయాయి. అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల నన్ను నిమరడం లేదు. నామీద దాన్ని వాయిస్తోంది.

మీ ఇంట్లో మీ భార్య మీ తల నిమురుతూ పక్కింటాయన పేరు కలవరిస్తే ఎలా ఉంటుందో, నాకు అలా ఉంది. నా కడుపులో ఇన్నేళ్ళూ సరుగుడు కట్టెలు మండాయి. కాని ఏ కట్టే లేకుండా మండడం ఆ సాయంత్రమే చూశాను.

మర్నాడు ఆరాధన అయ్యాక పాక దగ్గరే ఆ మాట బయటపడింది.

"యోవేలూ, ఈసారి గుడ్‌ఫ్రైడేకి ఏడు పాటల్లో ఒక్కటి నేను వాయిస్తానురా" అంది కెజియా.

"నువ్వా? ఏంది అక్కా, ఎండ దెబ్బ తగిలిందా?"

"ఒక్క పాటేరా. వచ్చో రాదో విని చెప్పు."

"వస్తే మాత్రం? నువ్వు లోపలికొస్తే జావ ఎవరు కాస్తారు? ఎవరి తలాంతు వాళ్ళది అక్కా. దేవుడు నాకు కీబోర్డిచ్చాడు, నీకు తెడ్డిచ్చాడు."

దేవుడిచ్చిన నేర్పును మా వాళ్ళు తలాంతు అంటారు. ఎవరి చేత ఏ పని చేయించాలో ముందే అనుకొని, తరవాత దానికి ఆ పేరు పెడతారు.

"నీకు కీబోర్డిచ్చింది దేవుడు కాదులే, సంఘం" అంది కెజియా. "అందులో మా అత్త కానుక కూడా ఉంది."

"అయితే అయ్యగార్నే అడుగు పో."

అడిగింది. హోషేయగారు మెత్తని మనిషి. ఎవరినీ నొప్పించరు కాబట్టి ఎవరికీ ఏదీ తేల్చరు. "అమ్మా, సేవలో పెద్దా చిన్నా లేదమ్మా" అన్నారు.

"లేదుగదండీ అయ్యగారూ? మరి యోవేలుని ఇటు రమ్మనండి, నేను అటు పోతా."

అయ్యగారు నవ్వారు, గడ్డం గోక్కున్నారు, "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. పోయినేడు కూడా అదే మాట అన్నారని సుగుణమ్మ ఆ తరవాత ఊరంతా చెప్పింది.

ఇక నా సంగతి. మీకు దాపరికం ఎందుకు? నేను సంతోషించాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, ఆ నీళ్ళు నామీదే పడుతుంటే, పక్కనే ఉండి సంతోషించాను. మగపిల్లలు తమ పని తప్పించుకోవడానికి ఆమెను నా దగ్గర కట్టేశారు. అది అన్యాయమని నాకు తెలుసు. తెలిసినా నేను వాళ్ళ పక్షమే. ఆమె లోపలికి వెళితే నాకు మిగిలేది కోళ్ళు.

గుడ్‌ఫ్రైడే వచ్చింది. తొమ్మిదింటికే ఎండ నెత్తిన కూచుంది. చర్చి వెనక గాడిపొయ్యి తవ్వి నన్ను ఎక్కించారు. పదిన్నరకు నీళ్ళు మరిగి, నూకలు పడి, కళపెళమంటున్నాయి. కెజియా కొంగు బిగించి తెడ్డు తిప్పుతోంది. లోపల కుర్చీలు వేస్తున్నారు. పదకొండున్నరకు తెల్ల జుబ్బా వేసుకొని, సెంటు కొట్టుకొని, యోవేలు వచ్చాడు.

"అక్కా, పొగంతా కిటికీలోంచి లోపలికొస్తాంది. కీబోర్డు పాడైపోద్ది. గుండిగని అటు జరుపు."

కీబోర్డు పాడైపోతుందట! ఆ పిల్ల కళ్ళు రెండూ మిరపపళ్ళలా ఉన్నాయి, అవి కనపడలేదు.

"నిండు గుండిగని ఎవడు జరుపుతాడురా?" అంది కెజియా. "బొంగు తెచ్చి కడియాల్లో దూర్చండి. నలుగురు రండి."

"దీనికి నలుగురా? ఆడపిల్లవి, నీకు బరువనిపిస్తది. పక్కకి జరుగు."

"ఒరేయ్, మసిగుడ్డ! మసిగుడ్డ పట్టుకో..."

అతను వినలేదు. చేతులు పైకి మడిచి వంగి నా కుడి కడియం పట్టుకున్నాడు.

కాలిన ఇత్తడిని ఎవరు పట్టుకున్నా కాలుతుంది. అందులో నా ప్రమేయం ఏముందని మీరనవచ్చు. కాని నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఎంతమంది తొందరపడి నన్ను ముట్టుకోబోయారో! అప్పుడల్లా ముందే ఒక ఆవిరి బుస కొట్టి వాళ్ళను వెనక్కి నెట్టేవాణ్ణి. ఆ పూట బుస కొట్టలేదు. పొయ్యిలో ఉన్న మంటనంతా పిలిచి ఆ కడియంలో కూచోబెట్టాను. ఏ వేళ్ళయితే ఆ కీబోర్డు మెట్లమీద నాట్యం చేస్తాయో ఆ వేళ్ళే నాకు కావలసింది. ఇక ఆ పెట్టె ఎలా పలుకుతుందో చూస్తాను అనుకున్నాను.

యోవేలు అరుపుకు చర్చి మీది పావురాలు లేచిపోయాయి. కుడిచేతి మూడు వేళ్ళు బొబ్బలెక్కాయి. కెజియా లోటాతో నీళ్ళు తెచ్చి అతని చెయ్యి అందులో ముంచింది. "చెప్తే వింటావా? ఎప్పుడన్నా విన్నావా?" అంటూనే అతని చెయ్యి వదలలేదు. జనం పోగయ్యారు. ఒకరు పేస్టు పూయమన్నారు, ఒకరు వద్దన్నారు. పన్నెండు కావడానికి ఇరవై నిమిషాలుంది.

"మరి పాటలు?" అన్నాడు యూత్ కుర్రాడొకడు.

"ఊరికే చప్పట్లతో పాడుకుందాం" అన్నారు అయ్యగారు. "లేకపోతే చప్పట్లు కూడా లేకుండా..."

అప్పుడు సుగుణమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. నడుంమీద చెయ్యి. "ఊరికే ఎందుకు పాడాలి? ఏడు పాటలూ మా పిల్లకొచ్చు. రెండేళ్ళ నుంచి పొద్దస్తమానం ఆ గుండిగ మీద కొడతానే ఉంటే నాకు చెవులు లేవనుకున్నారా? వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నారుగా అయ్యగారూ. వచ్చింది వచ్చే ఏడు."

అందరూ యోవేలు వంక చూశారు. అతను లోటాలో వేళ్ళు పెట్టుకొని అరుగుమీద కూచున్నాడు. ఆ మొహం చూసి నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. నా మొహం నాకే కనపడినట్టయింది. తల ఎత్తకుండానే అన్నాడు:

"అక్కా... ఐదో పాటకి ముందు శ్రుతి మార్చాలి. ఎడం పక్క బటను."

"తెలుసురా."

"నీకెట్టా తెలుసు?"

"నువ్వు ప్రతిసారీ మర్చిపోయి నాలిక కరుచుకుంటావుగా. బయటికి వినపడుద్ది."

ఎవరో నవ్వారు. యోవేలు కూడా నవ్వబోయి, చెయ్యి మండి, మానుకున్నాడు. కెజియా తెడ్డు తీసి అతని ఎడం చేతిలో పెట్టింది. "ఆపొద్దు. ఆపితే అడుగంటుద్ది. ఆసుపత్రిలో వాళ్ళకి ఇదే అన్నం" అంది. కొంగు విప్పింది, మొహం కడుక్కుంది, గోళ్ళలో మసి పుల్లతో తీసుకుంది. వెళ్ళిపోయింది. నా వంక ఒక్కసారైనా చూసిందా? చూడలేదు.

చూశారుగా, నేను చేసిన ఘనకార్యం! ఆ పిల్లను నా దగ్గరే ఉంచుకోవాలని కుళ్ళుకున్న నేను, నా కడియంతో నేనే ఆమెను తీసుకెళ్ళి శత్రువు ఒళ్ళో కూచోబెట్టాను. ఏ చెడ్డ మేనమామా ఇంత బాగా పెళ్ళి కుదర్చలేడు.

మొదటి పాట మొదలైంది. ఒకచోట తప్పు మెట్టు పడింది. నా ప్రాణం లేచి వచ్చింది. 'పో, వచ్చెయ్, తాత దగ్గరికి వచ్చెయ్' అన్నాను. ఆమె ఆగలేదు. రెండో పాటలో తప్పు లేదు. మూడో పాటకు, పాక దగ్గరున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి జారుకున్నారు. యోవేలు కూడా తెడ్డు నాకే ఆనించి వదిలేసి వెళ్ళి మెడ సాచాడు.

అడుగు పట్టడం మొదలైంది. నాకు తెలుస్తూనే ఉంది. 'పట్టనీ, మాడనీ' అనుకున్నాను. మూడింటికి ఊరంతా బయటికి వచ్చి మాడు జావ నోట్లో పెట్టుకొని, "కెజియా లేకపోతే ఇంతే, ఇక ఆ పిల్ల లోపలికి పోకూడదు" అనాలి. అది నా పథకం. మంచి పథకం. కాని ఆ పిల్ల పోతూ అన్న మాట ఒకటి కడుపులో తెడ్డులా తిరుగుతోంది. ఆసుపత్రి వరండాలో ఎదురుచూసే వాళ్ళను నేను ఎరుగుదును. గిన్నెలు లేక ప్లాస్టిక్ మగ్గులు పట్టుకొస్తారు. కొందరు అది రోగి కోసమని చెప్పి పోయించుకొని, స్తంభం చాటుకు వెళ్ళి తామే తాగుతారు. వాళ్ళు ఏ కీబోర్డు వైపూ చూడరు. నా వైపే చూస్తారు. లోకంలో నన్ను చూడగానే లేచి నిలబడేవాళ్ళు వాళ్ళొక్కరే.

కుళ్ళును దిగమింగడం నాకు రాదు. అందుకని కక్కాను. నా అడుగున్న బలమంతా కూడగట్టి ఒక్క జావ బుడగ ఎగరేశాను. అది తాటిచెట్టంత ఎత్తు లేచి, చర్చి సిలువ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కిటికీ దగ్గరున్న యోవేలు పాదంమీద పడింది. పోనీ, సిలువ దాకా వెళ్ళలేదనుకోండి. పాదంమీద పడింది మాత్రం నిజం.

"అమ్మో!" అని గెంతి వెనక్కి తిరిగాడు. వాసన తగిలింది. ఒక్క దూకున వచ్చి ఎడం చేత్తో తెడ్డు అందుకొని, అడుగు గీకకుండా పైపైన తిప్పుతూ, "కట్టెలు లాగండ్రా! మంట తగ్గించండి!" అని కేకలు పెట్టాడు. అప్పటినుంచి మూడింటి దాకా కదల్లేదు. కుర్రాళ్ళు వంతులు తీసుకుంటామన్నా ఇవ్వలేదు. పొగలో కళ్ళు కారుతున్నాయి. "ఏడుస్తున్నావేందిరా?" అని ఒకడడిగితే, "పొగ" అన్నాడు. కాసేపటికి తనలో తానే, "అక్క ఈ పొగలో ఎట్టా ఉందిరా ఇన్నేళ్ళు?" అన్నాడు.

ఐదో మాట వచ్చింది. ప్రసంగీకుడు పది నిమిషాల్లో ముగించాడు. శ్రుతి మారింది. నాలిక కరుచుకున్న చప్పుడు లేదు. ఆ తరవాత కెజియా వాయించిన పాటను గురించి నేను ఏమీ చెప్పను. నా శత్రువును పొగడడానికి నాకేం పట్టింది? ఒక్కటి చెబుతాను. ఆ పాట అయ్యేదాకా నేను ఉడకడం మరిచిపోయాను.

మూడింటికి జనం బయటికి వచ్చారు. జావలో కొంచెం మాడు వాసన ఉంది. హోషేయగారు ఒక గుక్క తాగి, "బాగుందయ్యా యోవేలూ" అన్నారు. ఆయన ఏదీ బాగాలేదనరు. సుగుణమ్మ మాత్రం, "మాడింది. అయినా తాగొచ్చు. వచ్చే వారం ఇంకాస్త ముందు కట్టెలు లాగు" అంది. వచ్చే వారం అంటే ఈస్టరు అయిపోతుంది, జావ సేవ ఉండదు. ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు. అనేంత ధైర్యం ఎవరికుంది?

సగం జావతో నన్ను ట్రాలీ ఆటో ఎక్కించారు. నాలుగింటి ఎండ. నా పక్కన ఏదో ఆనిందని చూస్తే, ముసుగుతో సహా అది! ఈసారి వరండాలో ఒక పాట కూడా పాడుదామని అయ్యగారు అన్నారట. కెజియా దాన్ని ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి నా మూతమీద వేసి కూచుంది. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆ పెట్టె వచ్చి నా పొట్టకు గుద్దుకుంది. నేను వేడిగానే ఉన్నాను. కావాలంటే కరిగించగలను. కరిగించలేదు. ఎందుకంటే ఆ పిల్ల తన కొంగు మడిచి మా ఇద్దరి మధ్య పెట్టింది. దానికి దెబ్బ తగలకుండానో, నాకు తగలకుండానో నేను అడగలేదు.

ఆసుపత్రిలో మగ్గులు లేచాయి, గిన్నెలు లేచాయి. యోవేలు ఎడం చేత్తో పోశాడు. అరగంటలో నా కడుపు ఖాళీ. కుర్రాళ్ళు పంపు దగ్గరికి దొర్లించుకెళ్ళి నన్ను తోమారు. గుర్రాన్ని తోమినట్టు తోమారు. నర్సమ్మ వచ్చి, "చిన్నగా పాడుకోండి, లోపల ఆపరేషనోళ్ళున్నారు" అంది. కీబోర్డు తీశారు. తీసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్ని నిలబెట్టే ఇనప స్టాండు చర్చిలోనే మరిచిపోయి వచ్చారు. ఇన్నేళ్ళలో వాళ్ళెవరూ జావ సేవకు కీబోర్డు తెచ్చింది లేదు, ఎలా తెలుస్తుంది?

"తాతని తీసుకురండి" అంది కెజియా.

"ఏ తాత?" అన్నాడు యోవేలు.

నన్ను తెచ్చి వరండా మధ్యలో బోర్లించారు. దాన్ని తెచ్చి నామీద పెట్టారు. నా వీపుమీద! నేను ఏ అవమానమైతే ఊహించడానికి కూడా భయపడ్డానో అది సరిగ్గా అలాగే జరిగింది. దిగు అందామనుకున్నాను. అంతలో ఆమె వేళ్ళు మెట్లమీద పడ్డాయి.

బ్యాటరీల మీద నడిచే ఆ పెట్టె గొంతు మామూలుగా దోమ గొంతు. కాని ఆ రోజు ఆ గొంతు దాని అడుగులోంచి నా వీపులోకి దిగింది, నా ఖాళీ కడుపులో తిరిగింది, చలమాచారి నలభై రోజులు మోదిన ప్రతి దెబ్బనూ తట్టి లేపింది. బయటికి వచ్చేటప్పటికి అది వేరే గొంతు. నిండుగా, వెచ్చగా, వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళింది. మగ్గులు కడుగుతున్నవాళ్ళు ఆగారు. స్తంభం చాటున ఉన్నవాళ్ళు ఇవతలికి వచ్చారు. చిన్నగా పాడుకోమన్న నర్సమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. కొడుకును లోపల పెట్టి నాలుగు రోజులుగా నోరు విప్పని ఒక ముసలమ్మ, పాట అయ్యాక ముక్కు చీది, పక్కావిడతో అంది:

"ఆ పెట్టెకి ఎంత గొంతుందే అమ్మా!"

పెట్టెకట! విన్నారా? ఆ గొంతు ఎవరిదమ్మా ముసలీ, కిందికి వంగి చూడు! నా మెడచుట్టూ ఎవరి పేరో ఉంది, పైన ఎవరికో పొగడ్త ఉంది. మధ్యలో ఉన్నది నేను. కడుపు భగ్గుమంది.

కెజియా మాత్రం మెట్లమీదినుంచి చేతులు తీసి, వంగి, నా వీపుకు చెవి ఆనించింది. ఇంకా లోపల సన్నగా మోగుతోంది కదా, అది ఆగేదాకా విన్నది. "ఏంది అక్కా?" అన్నాడు యోవేలు. "ఉష్" అంది.

ఈస్టరు తరవాత యూత్ కూడికలో జావ సేవను నెలకొక శుక్రవారం ఏడాది పొడుగునా చెయ్యాలని తీర్మానించారు. తెడ్డుకు వంతులు వేశారు. మగపిల్లలందరి పేర్లూ ఉన్నాయి. మొదటి వంతు యోవేలుది. అతని వేళ్ళు మానాయి. ఒకవారం అతను వాయిస్తాడు, ఒకవారం కెజియా. జావ ఇప్పుడు మాడడం లేదు. ఉప్పు మాత్రం ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువ. మగపిల్లల చెయ్యి అంతే.

కెజియా ఇప్పుడు నాతో ఇదివరకంత సేపు కూచోదు. నన్ను ఎండలో బోర్లించి, వేళ్ళు ఆడించి కూడా చాలాకాలమైంది. అవసరం లేదు కదా. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మంటే. ఈ వయసులో ఆ మంట ఆరుతుందని నేను మీకు అబద్ధం చెప్పను. చెప్పాల్సినవి వేరే చాలా ఉన్నాయి.

మొన్నటి శుక్రవారం ఆటో బయలుదేరబోతుంటే, యోవేలు ఆ ఇనప స్టాండును భుజాన వేసుకొని వచ్చాడు. "అక్కా, ఈసారి మర్చిపోలేదు" అన్నాడు గొప్పగా.

"అదెందుకురా? లోపల పెట్టేసిరా" అంది కెజియా. "తాత మీద పెడితేనే బాగా పలుకుద్ది."

చర్చి లోపలిదాకా వెళ్ళే ఓపిక లేక, దాన్ని తెచ్చి నా రేకుల పాకలోనే ఒక మూల ఆనించాడు. కొత్త స్టాండు. నల్లరంగు, మూడు కాళ్ళు, మెరిసే మరలు. మొన్నటిదాకా చర్చి లోపల, పరదాల పక్కన నిలబడి ఉండేది. ఇప్పుడు దానిమీద కోడి ఎక్కింది. అప్పటినుంచి అది నన్ను చూస్తోంది. రెప్ప వెయ్యకుండా, లోపల్లోపల ఉడుకుతూ చూస్తోంది. ఆ చూపు నేను గుర్తుపట్టగలను.

పాపం అనిపించాలి. అనిపించలేదు.